దయచేసి దోపిడీ అనకండి, అది వసూలు

మరాఠా రౌతులు బెంగాల్‌ను దోచుకున్నారని చరిత్రకారులు ఎంత తేలిగ్గా రాసేస్తారో! నాగపూర్ నుంచి బెంగాల్ రాజధాని ముర్షీదాబాద్ దాకా అడవులూ నదులూ దాటి, పదేళ్లపాటు బాకీ అడగడానికి వచ్చిన మనుషులకు మనమిచ్చే మర్యాద ఇదేనా?

చౌత్ అంటే శిస్తులో నాలుగో వంతు. మీ ఊరి మీద మేం పడకుండా ఉన్నందుకు మీరిచ్చుకునే రుసుము. డబ్బు తీసుకుని పని ఎగ్గొట్టేవాళ్లను రోజూ చూస్తున్నాం. వీళ్లు డబ్బు అందనప్పుడే పని మొదలుపెట్టేవారు. ఇంతకన్నా నిజాయితీ ఏం కావాలి?

నాగపూర్ రఘూజీ భోంస్లేకు ఈ శాఖలో అనుభవం తక్కువేం కాదు. 1740లో మన చిత్తూరు వైపు దామలచెరువు కనుమలోనే ఆర్కాటు నవాబు దోస్త్ అలీ పని పట్టాడు. 1742లో తన దివాను భాస్కర పండిత్‌ను బెంగాల్ పంపించాడు. అక్కడి నవాబు అలీవర్దీ ఖాన్ మాత్రం తక్కువ తిన్నాడా? ముందున్న నవాబును చంపి గద్దెనెక్కి అప్పటికి రెండేళ్లు. మీర్ హబీబ్ అనే పెద్దమనిషి మరాఠాల పక్షాన చేరి దారి చూపించడంతో ఆ మే నెలలో ముర్షీదాబాద్‌లో జగత్‌సేఠ్ అనే పెద్ద షావుకారు ఇల్లు ఊడ్చిపెట్టారు. ఎంత పోయిందో లక్షల్లో చెప్పేవాళ్లున్నారు, కోట్లలో చెప్పేవాళ్లున్నారు. రశీదు ఇవ్వకపోవడం ఒక్కటే నాకు కనిపించిన లోపం.

పల్లెల్లో పద్ధతి ఇంకా సూటి. ‘రూపాయలివ్వు, రూపాయలివ్వు’ అని అడిగేవారట. లేవన్నవాడి ముక్కులో నీళ్లు పోసేవారని, కొందరిని చెరువులో ముంచేవారని ఆ కాలపు బెంగాలీ కవి ఒకాయన రాశాడు. కంసాలి త్రాసు పట్టుకుని, పండితుడు పుస్తకాల కట్ట నెత్తిన పెట్టుకుని పరుగెత్తాడంటాడు. పన్ను కట్టే సంస్కారం లేని జనం!

భక్తికీ లోటు లేదు. ఆ ఏడాది కత్వా దగ్గర భాస్కర పండిత్ జమీందారుల నుంచి పిండిన కానుకలతో దుర్గాపూజ ఘనంగా చేయించాడు. చవితికి దారికడ్డంగా తాడు పట్టే మన కుర్రాళ్లు ఈయన ముందు పసికూనలు. పూజ పూర్తి కాకుండానే అలీవర్దీ వచ్చి మీద పడ్డాడు. ఎంత అపచారం!

1743లో నవాబుకు మహత్తరమైన ఆలోచన వచ్చింది. మరాఠాలను తరమమని మరాఠా పేష్వాకే 22 లక్షలు ఇచ్చుకున్నాడు, పైగా చౌత్ కూడా ఒప్పుకున్నాడు. పేష్వా బాలాజీ బాజీరావు మాట నిలబెట్టుకుని రఘూజీని తరిమాడు. ఆ ఏడే సతారాలో మరాఠా రాజు ఛత్రపతి షాహూ ఇద్దరినీ కూర్చోబెట్టి పంపకాలు చేస్తే బెంగాల్ ఎవరి వాటాకొచ్చిందనుకున్నారు? రఘూజీకే. 22 లక్షలు వాపసు రాలేదని వేరే చెప్పాలా?

కలకత్తాలో తెల్లదొరలు మరాఠాల భయంతో ఊరి చుట్టూ కందకం మొదలుపెట్టారు. ఏడు మైళ్లు అనుకున్నది మూడు మైళ్ల దగ్గర ఆగింది. దాన్ని చూడ్డానికి ఒక్క రౌతూ రాలేదు. తర్వాత పూడ్చి రోడ్డేశారు.

1744లో మాట్లాడుకుందాం రమ్మని పండిత్‌నూ, సర్దారులనూ మన్కరా అనే చోట వేసిన డేరాకు పిలిచి నవాబు నరికించాడు. ఖాతా మూసేశాననే అనుకున్నాడు పాపం. మరుసటి ఏడాది రఘూజీ స్వయంగా దిగాడు. వసూలు శాఖలో ఖాళీలు ఉండనిస్తారా ఎక్కడైనా?

చివరికి 1751లో రాజీ. ఏటా 12 లక్షల చౌత్, ఒడిశా పెత్తనం మరాఠాలకు; సువర్ణరేఖ నది దాటి బెంగాల్‌లోకి రాకూడదని షరతు. అందరూ ఇక్కడితో కథ ఆపేస్తారు. నాకు ముచ్చటేసేది దీని తర్వాతే. ఈ చౌత్ కట్టాలన్న పేరుతో అలీవర్దీ ‘చౌత్ మరాఠా’ అని ఒక కొత్త పన్ను వేశాడు. మరాఠాలకు ఇవ్వాల్సింది 12 లక్షలు. ఈ పద్దు కింద జమీందారుల మీద వేసింది 15 లక్షల పైచిలుకు! జమీందారు తన ఇంట్లోంచి తీసి కడతాడా? రైతు దగ్గర లాగుతాడు. గుర్రం లేదు, కత్తి లేదు, ముక్కులో నీళ్లు పోయక్కర్లేదు. తేడా మూడు లక్షలు నవాబు కచేరీలో కూర్చున్నచోటే మిగిలాయి. తర్వాత గద్దెనెక్కిన మీర్ ఖాసిం ఇలాంటి పన్నులు తగ్గించకపోగా మరికొన్ని వడ్డించాడు.

ఇంతాచేసి బెంగాలీ జోలపాటల్లో పిల్లలను భయపెట్టే పని మాత్రం ఇప్పటికీ ఆ గుర్రాలవాళ్లదే. ఈ 15 లక్షల పద్దు రాసిన గుమాస్తా పేరు చెప్పి ఏ తల్లీ బిడ్డను నిద్రపుచ్చినట్టు లేదు.