కత్తిరించి దాచారా? ఎక్స్‌క్లూజివ్ గేమ్‌ల మీద తిరుగుతున్న ఫార్వర్డ్‌కు జవాబు

మళ్లీ వచ్చింది. జీటీఏ 6 గేమ్‌ను పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ అనే గేమ్ మెషిన్లకు (కన్సోళ్లకు) మాత్రమే ప్రకటించినప్పటి నుంచి ఏ గేమింగ్ గ్రూపులో చూసినా ఇదే మెసేజ్. పొద్దున ఒకరు పంపితే సాయంత్రం ఇంకొకరు "మామా, ఇది చదివితే కంపెనీల బండారం తెలుస్తుంది" అంటూ పంపుతున్నారు. పంపినవాళ్లలో సగం మంది నాకన్నా ఎక్కువ గేమ్‌లు ఆడినవాళ్లు. అందుకే చిరాకు.

మెసేజ్ చెప్పేది ఐదు ముక్కల్లో ఇది. ఒకటి, ఎక్స్‌క్లూజివ్ గేమ్‌ను, అంటే ఒకే కన్సోల్‌కు వచ్చే గేమ్‌ను, ఇంకో మెషిన్ మోయలేదు. రెండు, ఏడాదికో రెండేళ్లకో వేరే కన్సోల్‌కు వచ్చే వెర్షన్‌లోని ఎక్స్‌ట్రా కంటెంట్ అంతా మొదటి రోజుకే తయారై ఉంటుంది, దాన్ని కత్తిరించి దాచి తర్వాత అమ్ముతారు. మూడు, ఆలస్యంగా వచ్చేదే ఎప్పుడైనా అసలైన వెర్షన్. నాలుగు, ఎక్స్‌క్లూజివ్ కోసం కన్సోల్ కంపెనీలు ఇచ్చే ఒప్పందాల డబ్బే లేకపోతే గేమ్‌లన్నీ అందరికీ ఒకే రోజు వచ్చేవి. ఐదు, కాబట్టి మొదటి రోజు కొన్నవాడు వెర్రివాడు, పూర్తి వెర్షన్ వచ్చేదాకా క్రాక్ (డబ్బు కట్టకుండా ఆడే దొంగ కాపీ) వేసుకోవడం తప్పు కాదు.

మొదటిదానికి జవాబు అదే మెసేజ్‌లోని రెండో ముక్కలో ఉంది. మోయలేని మెషిన్‌కు రెండేళ్ల తర్వాత పోర్ట్, అంటే ఆ మెషిన్‌కు మలిచిన వెర్షన్, ఎలా వస్తుంది? పీఎస్4లోనూ ఎక్స్‌బాక్స్ వన్‌లోనూ ఉన్నది ఒకే రకం ఏఎండీ ప్రాసెసర్. రైజ్ ఆఫ్ ద టూంబ్ రైడర్ 2015 నవంబరులో ఎక్స్‌బాక్స్‌కు, 2016 అక్టోబరులో పీఎస్4కు వచ్చింది. మధ్యలో పీఎస్4కు బలం పెరగలేదు, ఒప్పందం గడువు తీరింది. ఆ ఒప్పందానికి గడువు ఉందని 2014లోనే అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి ఫిల్ స్పెన్సర్ బయటికి చెప్పాడు. మన నెట్ సెంటర్లలో ఒక తరం మొత్తం ఆడిన వైస్ సిటీ కూడా ఇలాంటిదే. అది 2002 అక్టోబరులో పీఎస్2కు వస్తే, పీసీకి 2003 మేలో వచ్చింది. మనం ఆడింది లేటు పోర్ట్. కారు రేడియోలో మన ఎంపీ3 పాటలు పెట్టుకునే వీలు ఆ పీసీ వెర్షన్‌లో ఉండేది.

ఇక రెండోది. అందరూ నమ్ముతున్నది, అందరికీ కోపం తెప్పిస్తున్నది ఇదే. నిజానికి అన్నింటికన్నా బలహీనమైనదీ ఇదే.

టేల్స్ ఆఫ్ వెస్పేరియా సంగతి చూడండి. 2008 ఆగస్టులో ఎక్స్‌బాక్స్ 360కి వచ్చింది. 2009 సెప్టెంబరులో, జపాన్‌లో మాత్రమే, పీఎస్3కి వచ్చింది. అందులో ప్యాటీ అనే కొత్త అమ్మాయి పార్టీలో చేరింది, ఫ్లిన్ మనం పూర్తిగా ఆడించగల పాత్ర అయ్యాడు, అంతకుముందు అక్షరాల్లోనే ఉన్న సన్నివేశాలకు గొంతులు వచ్చాయి. "చూశావా, ప్యాటీని దాచిపెట్టారు" అంటుంది మెసేజ్. సరే, దాచారనే అనుకుందాం. మరి ఎక్స్‌బాక్స్ 360లో ఆ గేమ్ కొన్నవాళ్లకు ప్యాటీని ఎందుకు అమ్మలేదు? 360కి ఆన్‌లైన్ స్టోర్ ఉంది, వెస్పేరియాకు అందులో డీఎల్‌సీ (విడిగా కొని దించుకునే అదనపు సరుకు) కూడా అమ్మారు. సరుకు సిద్ధంగా అలమారాలో ఉన్న వ్యాపారి, డబ్బు చేత పట్టుకుని నిలబడ్డ పాత కొనుగోలుదారులకు దాన్ని అమ్మకుండా వదిలేస్తాడా? 360 వాళ్లకు డబ్బు పెడతామన్నా ప్యాటీ దొరకలేదు. దాచి అమ్మే కుట్రలో అమ్మడమే మరిచిపోయారన్నమాట!

ఫైనల్ ఫాంటసీ 7 రీమేక్‌దీ అదే కథ. 2020 ఏప్రిల్‌లో పీఎస్4కు గేమ్ వచ్చింది. 2021 జూన్‌లో పీఎస్5కు ఇంటర్‌గ్రేడ్ వెర్షన్, దానికి యూఫీ అనే పాత్ర కథ వచ్చాయి. యూఫీ పీఎస్4కు ఎప్పటికీ రాలేదు. అప్పటికి పీఎస్4లు 11 కోట్లకు పైగా అమ్ముడై ఉన్నాయి, పీఎస్5లు కోటి కూడా నిండింది ఆ మరుసటి నెలలోనే. ముందే చేసి దాచిన కథను డబ్బు కోసం అమ్మేవాడు 11 కోట్ల గుమ్మాలు వదిలేసి కోటి గుమ్మాల దగ్గరికి మాత్రమే వెళ్తాడా? ఇక్కడి లెక్క వేరు. కొత్త మెషిన్ కొనడానికి ఒక కారణం కావాలి, యూఫీ ఆ కారణం. దాని మీద కోపం రావచ్చు, నాకూ వచ్చింది. కానీ అది "కత్తిరించారు" అనే ఆరోపణ కానే కాదు.

అసలు ఈ ఎక్స్‌ట్రాలు ఎందుకు పుడతాయో ఆలోచించరు. ఏడాది పాత గేమ్ వేరే కన్సోల్‌కు వస్తుంటే కథ అందరికీ తెలిసిపోయి ఉంటుంది, ముగింపు వీడియోలు కోట్ల మంది చూసేసి ఉంటారు, మొదటి కన్సోల్‌లో ధర సగానికి పడిపోయి ఉంటుంది. అలాంటి గేమ్‌ను పూర్తి ధరకు అమ్మాలంటే పెట్టె మీద ఒక కొత్త పేరు రాయాలి. కొత్త పాత్రో, కొత్త అధ్యాయమో చేయడానికి అప్పుడు పెద్ద ఖర్చు కూడా ఉండదు. ఇంజిన్ ఉంది, ఊళ్లూ అడవులూ శత్రువులూ ఉన్నారు. కట్టిన ఇంటి మీద గది వేసినట్టు, పునాది ఖర్చు లేదు. రెసిడెంట్ ఈవిల్ 4 పీఎస్2 వెర్షన్‌లోని సెపరేట్ వేస్ అనే అదనపు కథ చూడండి. ఐదు అధ్యాయాల్లో ఏడా అనే పాత్ర తిరిగేది చాలావరకు హీరో లియాన్ అప్పటికే తిరిగిన ఊరూ కోటా దీవిలోనే. పాత చోట్లు కనిపిస్తాయి గనక "ఇది ముందే ఉంది" అనిపిస్తుంది. ముందే ఉన్నవి ఆ చోట్లు, వాటిలో నడిచే కథ కాదు. జీటీఏ 5కి 2014 నవంబరులో పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ వెర్షన్లలో ఫస్ట్ పర్సన్ (పాత్ర కళ్లతోనే చూసే తీరు) వచ్చినప్పుడూ ఇదే మాట అన్నారు. కంటి ఎత్తులో చూస్తే కార్ల డాష్‌బోర్డులు, తుపాకీ పట్టుకున్న చేతులు, రీలోడ్ చేసే తీరు అన్నీ మళ్లీ చేయాలి. చేశారు. ఆ పని 2013 డిస్క్‌లో లేదు.

ఇప్పుడు ఒక మాట ఒప్పుకోవాలి. మెసేజ్ చెప్పినట్టే అక్షరాలా జరిగిన గేమ్ ఒకటుంది, విచిత్రం ఏమిటంటే మెసేజ్‌లో దాని పేరే లేదు. 2012 మార్చిలో పీఎస్3కీ ఎక్స్‌బాక్స్ 360కీ వచ్చిన స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్. బ్లాంకా, సకురా, గై, కోడీ, లార్స్, అలీసా సహా 12 మంది ఫైటర్లు డిస్క్‌లోనే ఉన్నారు, తాళం వేసి. గేమర్లు ఫైళ్లు తెరిచి బయటపెట్టారు. తర్వాత క్యాప్‌కామ్ ఆ తాళం చెవిని డబ్బుకు అమ్మింది, అదే ఏడాది అక్టోబరులో సోనీ చేతి కన్సోల్ వీటాకు వచ్చిన వెర్షన్‌లో మాత్రం వాళ్లను గేమ్‌తో పాటే ఇచ్చింది. లేటు పోర్ట్‌లో "ఎక్స్‌ట్రా"గా వచ్చింది మొదటివాళ్లు కొన్న డిస్క్‌లో ఉన్న సరుకే. జనం దుమ్మెత్తిపోస్తే ఈ పద్ధతిని పునరాలోచిస్తామని కంపెనీ చెప్పాల్సి వచ్చింది. అది మోసం అనే మాటకు తగినదే, నేను సమర్థించను. అయితే అక్కడ రుజువు ఉంది, ఫైళ్లున్నాయి, బొమ్మలున్నాయి. ప్యాటీ విషయంలో, యూఫీ విషయంలో ఈ మెసేజ్ చూపించిన రుజువు "కామన్ సెన్స్ బ్రో" అన్న మూడు మాటలు.

మూడోది, లేటుగా వచ్చిందే మంచి వెర్షన్ అనేది. రెసిడెంట్ ఈవిల్ 4 గేమ్‌క్యూబ్‌కు 2005 జనవరిలో, పీఎస్2కు అక్టోబరులో వచ్చింది. పీఎస్2లో సెపరేట్ వేస్ దొరికింది, బదులుగా వెలుగునీడలు పోయాయి, పాత్రల వివరం తగ్గింది, కట్‌సీన్లు (కథ చూపే సన్నివేశాలు) ముందే రికార్డు చేసిన వీడియోలయ్యాయి. ఆ పీఎస్2 వెర్షన్ మీద కట్టిన 2007 పీసీ పోర్ట్‌లో మౌస్‌తో గురి పెట్టడమే లేదు. పీసీలో షూటర్, మౌస్ లేకుండా! దీన్ని "అసలైన వెర్షన్" అనేవాళ్లు అది ఆడి ఉండరు. వెస్పేరియా అందరికీ 2019 జనవరిలో డెఫినిటివ్ ఎడిషన్‌గా వచ్చింది. అందులో హీరో యూరీ పాత డైలాగులు ట్రాయ్ బేకర్ గొంతులో, కొత్తవి గ్రాంట్ జార్జ్ గొంతులో వినిపిస్తాయి. ఒకే మనిషి ఒక సీన్‌లో ఒకలా, ఇంకో సీన్‌లో ఇంకోలా మాట్లాడతాడు. కంటెంట్ ఎక్కువే. కానీ నాకు వెస్పేరియా అంటే యూరీ, ఆ యూరీ 2008 వెర్షన్‌లోనే చెదరకుండా ఉన్నాడు.

ఆగితే తప్పకుండా వస్తుందన్న భరోసా ఎవరిచ్చారో కూడా తెలియదు. బ్లడ్‌బోర్న్ 2015 మార్చిలో వచ్చింది, పీఎస్4కు తప్ప మరే మెషిన్‌కూ విడుదల చేయలేదు. అప్పటి నుంచి ఆగుతున్న పీసీవాళ్లను అడగండి.

నాలుగోదానికి ఒకే పేరు చాలు: బయోనెట్టా 2. సెగా ఆపేసిన ప్రాజెక్టును నింటెండో డబ్బు పెట్టి నిలబెట్టింది, అందుకే 2014లో అది నింటెండో కన్సోల్ వీ యూకు వచ్చింది. ఆ డబ్బు లేకపోతే అందరికీ ఒకే రోజు వచ్చేదా? ఎవరికీ వచ్చేది కాదు. ఇలాంటి ఒప్పందం వేరు, తయారవుతున్న గేమ్‌కు అడ్డుకట్ట వేసే ఒప్పందం వేరు. జీటీఏ 4 రెండు ఎపిసోడ్ల కోసం మైక్రోసాఫ్ట్ 5 కోట్ల డాలర్లు ఇస్తున్నట్టు 2007లో జీటీఏ ప్రచురణ సంస్థ టేక్ టూనే చెప్పింది. 2009 ఫిబ్రవరిలో మొదటి ఎపిసోడ్ ఎక్స్‌బాక్స్ 360కి వస్తే, పీఎస్3 వాళ్లు 2010 ఏప్రిల్ దాకా ఎదురుచూశారు. ఇది నాకు నచ్చదు. రెంటినీ ఒకే గంపలో వేస్తే, తిట్టాల్సినదాన్ని సరిగ్గా తిట్టలేం.

ఐదోది చదివినప్పుడే ఈ జవాబు రాయాలనిపించింది. మొదటి రోజు కొన్నవాడు వెర్రివాడట. 2016లో టూంబ్ రైడర్ పీఎస్4కు క్రాఫ్ట్ మేనర్ అధ్యాయంతో వచ్చిన రోజే ఎక్స్‌బాక్స్‌లో, పీసీలో సీజన్ పాస్ (అదనపు కంటెంట్ అంతటికీ కలిపి ముందే కొనే పాస్) కొన్న పాతవాళ్లకూ ఆ అధ్యాయం ఉచితంగా అందింది. ఫైనల్ ఫాంటసీ 7 రీమేక్ పీఎస్4లో కొన్నవాళ్లను పీఎస్5 వెర్షన్‌కు ఉచితంగా మార్చి, యూఫీ కథకే విడిగా డబ్బు తీసుకున్నారు. పాతవాళ్లకు దారి వేయడం సాధ్యమేనని ఇవి చెబుతున్నాయి. దారి వేయనివాళ్లను నిలదీయండి. పర్సోనా 5ను 2017లో పూర్తి ధరకు కొన్నవాళ్లు, మూడో సెమిస్టర్ అనే కొత్త అధ్యాయం కోసం 2020లో పర్సోనా 5 రాయల్‌ను అదే పీఎస్4 మీద మళ్లీ పూర్తి ధరకు కొనాల్సి వచ్చింది. 2022 అక్టోబరులో పీఎస్5 వెర్షన్ వచ్చినప్పుడు, పీఎస్4లో రాయల్ ఉన్నవాళ్లకు కూడా అప్‌గ్రేడ్ లేదని ఆ గేమ్ చేసిన అట్లస్ చెప్పేసింది. ఒకే అభిమాని, ఒకే కథ, మూడు బిల్లులు. మెసేజ్ కోపం ఇక్కడ నూటికి నూరుపాళ్లు న్యాయం.

కానీ దానికి మందు క్రాకా? యాంటీవైరస్ ఆపేసి, ఎవరు తయారు చేశారో తెలియని ఫైల్‌ను, నాన్న నెట్ బ్యాంకింగ్ చేసే లాప్‌టాప్‌లో నడపమని పదో తరగతి పిల్లలున్న గ్రూపుల్లోకి పంపుతున్నారు. ఏదైనా జరిగితే ఈ మెసేజ్ రాసినవాడు వచ్చి ఆ డబ్బు కడతాడా? ఇంకో సంగతి. పోర్ట్‌లు పుట్టేది అమ్మకాల అంకెలు చూసి. పర్సోనా 4 గోల్డెన్ 2012లో వీటాకు వచ్చి అక్కడే చిక్కుకుపోయిన గేమ్. 2020 జూన్‌లో పీసీ గేమ్‌ల స్టోర్ స్టీమ్‌కు వచ్చి నెల తిరిగేసరికి 5 లక్షలు అమ్ముడైంది. ఆ ఫలితం చూపించే, పాత గేమ్‌లను పీసీకి తేవడం పెంచుతామని అట్లస్ యజమాని సెగా అదే ఏడాది ఆగస్టులో చెప్పింది. రెండేళ్లకు రాయల్ పీసీకి వచ్చింది. ఆ 5 లక్షల మంది డబ్బు పెట్టి కొన్నారు గనకే ఆ అంకె సెగాకు కనిపించింది. క్రాక్ వేసుకున్నవాళ్లు ఎంతమంది ఉన్నా ఆ లెక్కలోకి రారు.

ఈ మెసేజ్ మళ్లీ పంపేవాళ్లు ముందు ఐదో ముక్క తీసేయండి. ప్యాటీ, యూఫీ పేర్లున్న చోట స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్ అని, పర్సోనా 5 రాయల్ అని రాయండి. పాత కొనుగోలుదారులకు అప్‌గ్రేడ్ దారి ఎందుకు లేదని కంపెనీని అడిగే ఒక్క వాక్యం చేర్చండి. ఆ మెసేజ్‌ను నా దగ్గరున్న ప్రతి గ్రూపులో నేనే పంపుతాను.