పరిశ్రమల ఫండు గారికి ఒక చిన్న వాటాదారుడి విన్నపం

మహారాజశ్రీ ఎక్స్‌ఎల్‌ఐ ఫండు గారి సముఖమునకు, డాలస్ శివారు నుండి ఒక వాటాదారుడు వ్రాసుకొను విన్నపము.

1998 డిసెంబరులో స్టేట్ స్ట్రీట్ అనే పెట్టుబడుల సంస్థ వారి చలవతో మార్కెట్లో అడుగుపెట్టి, ఎస్ అండ్ పి 500 అనే అమెరికా పెద్ద కంపెనీల సూచీలోని పరిశ్రమల షేర్లన్నిటినీ ఒకే మూటగా కట్టి అమ్మే తమరికి అమెరికా పరిశ్రమల ప్రతినిధిగా మంచి పేరే ఉంది. వంద డాలర్లకు ఏడాదికి పది సెంట్లయినా నిండని తమ రుసుముపై నాకు ఫిర్యాదు లేదు. ఈ ఊళ్లో అంతకంటే చవకగా దొరికేది ఉచిత సలహా ఒక్కటే. తమ వాటాలు కొనిపించిందీ అదే.

ఇక్కడి మనవాళ్లలో చాలామందికి జీతమూ సాఫ్ట్‌వేరుదే, బోనస్‌గా వచ్చే షేర్లూ సాఫ్ట్‌వేరువే, 401(కె) అనే పదవీవిరమణ పొదుపు ఖాతాలోని ఎస్ అండ్ పి 500 ఫండులోనూ పెద్ద వాటా టెక్నాలజీదే. కాబట్టి బుల్‌డోజర్లు, రైలింజన్లు, పొగగొట్టాలు ఉన్నచోట నాలుగు డాలర్లు పెడితే లేఆఫ్‌ల కాలంలో అవైనా ఆదుకుంటాయని పెద్దలు సెలవిచ్చారు. తమ జాబితా పైవరుసలో విమాన ఇంజన్ల జీఈ ఏరోస్పేస్, బుల్‌డోజర్ల క్యాటర్‌పిల్లర్ పేర్లు చూసి మనసు కుదుటపడింది. సందేహాలన్నీ ఆ తర్వాతివే.

ఊరూరా ఉద్యోగుల జీతాల లెక్కలు కట్టిపెట్టే ఏడీపీ 2023 మార్చి వరకు ఐటీ రంగంలోనే ఉండేది. ఏ కంపెనీ ఏ రంగానిదో తేల్చేందుకు ఎస్ అండ్ పి, ఎంఎస్‌సీఐ అనే సూచీల సంస్థలు కలిసి నడిపే వర్గీకరణలో సవరణ జరిగి, శుక్రవారం సాయంత్రం దాకా సాఫ్ట్‌వేరు వారి సరసన ఉన్న ఆ కంపెనీ సోమవారం ఉదయానికి క్యాటర్‌పిల్లర్ సరసన తేలింది. మధ్యలో ఒక్క బోల్టు బిగించిన పాపాన పోలేదు. జీతాల లెక్కలే చూసే పేచెక్స్ కూడా అదే బండెక్కి వచ్చింది. ఐటీ నుంచి పారిపోయి తమ పంచన చేరిన నాకు, వెనకాలే ఐటీ కూడా వచ్చి చేరడం విధి కాక మరేమిటి?

అదే ఏడాది డిసెంబరులో ఊబర్ ఎస్ అండ్ పి 500లో చేరి, రవాణా కోటాలో తమ గడప తొక్కింది. డ్రైవర్ల కార్లతో నడిచే ఊబర్ పరిశ్రమ అయినప్పుడు, కార్లు స్వయంగా తయారుచేసే ఫోర్డ్, జనరల్ మోటార్స్, టెస్లాలకు అక్కడ చోటెందుకు లేదని విచారించాను. అవి జనం తప్పనిసరి కాని ఖర్చులు చేసే రంగానికి చెందుతాయట. ఉక్కు కరిగించే న్యూకోర్ ముడిసరుకుల రంగమట. బొద్దింకలకూ చెదలకూ మందు కొట్టే రోలిన్స్ మాత్రం నిక్షేపంగా పరిశ్రమే!

ఇక తమ వడ్డన తీరు. మార్కెట్ విలువను బట్టి వాటా ఇవ్వడమంటే, పెళ్లి బంతిలో లావుపాటి వారికే మారు వడ్డించడం. 2019 మార్చిలో రెండో 737 మ్యాక్స్ కూలి, ఆ రకం విమానాలన్నీ నేలకు పరిమితమైనప్పుడు, తమ విస్తట్లో అన్నింటికంటే పెద్ద ముద్ద బోయింగ్‌దే. పదుల కొద్దీ కంపెనీల మీద డబ్బు పరిచామని గుండెల మీద చేయి వేసుకుని నిద్రపోతున్న వారిని ఆ ఒక్క పేరే లేపి కూర్చోబెట్టింది.

అయినా తమ వాటాలు అమ్మే ఉద్దేశం లేదు. తమలోని కంపెనీలన్నీ నా ఎస్ అండ్ పి ఫండులో ముందే ఉన్నాయి కనుక, అమ్మినా తమరు నన్ను వదిలేది లేదు. ఒక్క మనవి మాత్రం ఉంది. రాబోయే సవరణలో మా క్లౌడ్ కంపెనీని కూడా పరిశ్రమల్లో కలిపేటట్లయితే, ఆ శుక్రవారం మార్కెట్ మూసేలోగా కబురంపగలరు. రిస్కు తగ్గించుకోవడానికి నేను వెంటనే ఐటీ ఫండు కొనుక్కోవాలి.

ఇట్లు,
తమ కొద్దిపాటి వాటాల విధేయుడు