సవరణ: పీడీ కొలతలో నేను చెప్పింది తప్పు

మొన్న కళ్ళజోడు ఆర్డర్ పెట్టడానికి కావాల్సిన పీడీ, అంటే రెండు కంటిపాపల మధ్య దూరం, ఇంట్లోనే కొలుచుకోవచ్చని రాస్తూ కొలిచేవాళ్ళ ముక్కు వైపు చూడమన్నా కదా, అది తప్పండీ. దగ్గరకి చూస్తే కళ్ళు లోపలికి తిరుగుతాయి, అందుకే మా ఆవిడ పిల్లాడి జామెట్రీ బాక్సు స్కేలుతో కొలిస్తే 60 మిల్లీమీటర్లు వచ్చింది, నిన్న గుంటూరు బ్రాడీపేటలో కళ్ళజోళ్ళ షాపాయన మెషిన్ పెట్టి చూస్తే 63! ఆ 60 చదువుకునే అద్దాలకైతే ఓకే, బండి నడిపే అద్దాలకి కాదు. దూరం అద్దాలకి వీధి చివర కరెంటు స్తంభం లాంటిది చూస్తూ కొలిపించుకోండి, కుడి పాప మధ్యలో స్కేలు సున్నా (అంచు కాదు, గీత!) పెట్టి ఎడమ పాప మధ్య దాకా. ప్రోగ్రెసివ్ (దూరం, దగ్గర రెండూ ఒకే అద్దంలో ఉండేవి) అయితే ముక్కు మధ్య నుంచి ఒక్కో కంటికీ విడిగా కావాలి, నాకు 31, 32 వచ్చాయి, అది మాత్రం షాపులోనే తీయించుకోండి. పాత కొలతతో ఆర్డర్ పెట్టినవాళ్ళుంటే సారీ, వెంటనే మార్చుకోండి.