నైక్ కాదు, నైకీ కూడా కాదు

మొన్న నాన్నతో బూట్ల షాపుకి వెళ్లాను. "బాబూ, నైక్ ఎనిమిదో నంబరు చూపించు" అన్నారాయన. కుర్రాడు డబ్బా తీస్తూ, "నైక్ కాదంకుల్, నైకీ" అని పక్కవాడి వంక చూసి నవ్వాడు. చెప్పడం సరే, ఆ నవ్వెందుకు? ఆ తర్వాత నాన్న "అది... ఆ నల్లది" అంటూ వేలితో చూపించడమే.

ఇంతకీ ఆ పేరెవరిది? గ్రీకుల విజయదేవతది. రెక్కలున్న తల్లి. రియోలో సింధు గెలిచిన వెండి పతకం మీద ఉన్నది కూడా ఈవిడే. ప్రాచీన గ్రీకులో ఆమె పేరు "నీకే". అచ్చం మన "నీకే" లాగే. గెలుపెవరికి తల్లీ అంటే, నీకే! నేటి గ్రీకులో "నీకి" అంటారు, ఆడపిల్లలకూ పెట్టుకుంటారు. "నైకీ" ఇంగ్లీషు వాళ్ల నోటి వాటం. కొన్ని శతాబ్దాల కిందట వాళ్ల దీర్ఘ ఈకారం 'ఐ' అయిపోయింది, దాంతో పాటు దేవత పేరూ మారింది. పోనీ వాళ్లందరిదీ ఒకే మాటా? బ్రిటన్‌లో చాలామంది ఇప్పటికీ "నైక్" అనే అంటారు. 1971లో తమ బూట్లకు ఆ పేరు పెట్టుకున్న కంపెనీ తరఫున 2014లో దాని సహవ్యవస్థాపకుడు ఫిల్ నైట్ "నైకీ" అని తేల్చారు. వాళ్ల బూట్లు, వాళ్లిష్టం. దేవత మీద మాత్రం వాళ్లకేం పేటెంటు లేదు.

రోమన్లకు ఈ గొడవే లేదు, తమ విజయదేవత విక్టోరియాలోనే ఆమెను చూసుకున్నారు. "గెలుపు తెచ్చేది" అనే అర్థమున్న ఫెరెనీకే అనే గ్రీకు పేరుని మాసిడోనియా వాళ్లు బెరెనీకే అన్నారు. అదే లాటిన్‌లో వెరోనికా అయింది. ఎర్రసముద్రం ఒడ్డున బెరెనీకే అనే రేవు కూడా ఉండేది, మన మిరియాలు అక్కడ దిగేవి. వాటిని అమ్మిన మనవాళ్లు ఆ పేరు ఎలా పలికారో! ఎవరూ నవ్వి ఉండరు లెండి, సరుకు కావాలి కదా.

అసలు తమాషా మా అమ్మమ్మది. ఐదో తరగతి చదువు. రోజూ తెలుగు బైబిలు పైకి చదివేది: నీకొదేము, తిమోతి తల్లి యునీకే, థెస్సలొనీకయులు. అన్నింట్లోనూ ఆ 'నీక' ఉంది, గ్రీకులో ఉన్నట్టే. ఆ షాపు కుర్రాడి కంటే, ఆ మాటకొస్తే నాకంటే, ఆవిడే దగ్గరగా పలికింది.

ఇదంతా నాన్నకి చెప్పాను. విని నవ్వారు. కానీ పొద్దున వాకింగ్‌కి వెళ్తూ, "నా బూట్లెక్కడ?" అన్నారు. పేరు మాత్రం ఎత్తలేదు.