అరిచేవాడి మాట కాదు, అరవనివాడి మాట వినండి

బేస్‌బాల్ అంపైర్లకు ఆటగాళ్ల అభిప్రాయంతో పనేంటి, రూల్ చూసి చెప్పి ఇంటికెళ్లిపోవాలి అనేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒకప్పుడు నేనూ అదే అనేవాణ్ని. అమెరికా అంపైర్ జిమ్ జాయిస్ సంగతి తెలిశాక మానేశాను.

2010 జూన్ 2, డెట్రాయిట్. అక్కడి జట్టు టైగర్స్ పిచర్ (బంతి విసిరేవాడు) అర్మాండో గలరాగా వరసగా 26 మందిని ఔట్ చేశాడు. ఇంకొక్కడు ఔటైతే పర్ఫెక్ట్ గేమ్. అంటే అవతలి జట్టులో ఒక్కడు కూడా ఫస్ట్ బేస్ (బ్యాటర్ పరిగెత్తి ముందు చేరాల్సిన చోటు) చేరకుండా మ్యాచ్ అయిపోవడం. అమెరికా పెద్ద లీగ్ అయిన మేజర్ లీగ్ చరిత్ర మొత్తంలో అప్పటికి ఇరవై సార్లే జరిగింది. 27వ వాడు జేసన్ డొనాల్డ్. బంతి వచ్చి, బేస్ మీదున్న గలరాగా చేతిలో పడేటప్పటికి డొనాల్డ్ ఇంకా చేరనేలేదు. కానీ జాయిస్ రెండు చేతులూ చాపి సేఫ్, అంటే నాటౌట్, అన్నాడు. ఇలాంటి వాటికి అప్పట్లో రీప్లే లేదు. మ్యాచ్ అయ్యాక వీడియో చూసుకుని ఏడ్చాడు, గలరాగాకి నేరుగా క్షమాపణ చెప్పాడు. మర్నాడు హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) దగ్గర నిలబడాల్సింది కూడా ఆయనే. టైగర్స్ లైనప్ కార్డు (ఆడేవాళ్ల పేర్ల జాబితా) తెచ్చి ఇచ్చింది ఎవరనుకున్నారు? గలరాగానే. జాయిస్ కళ్లు తుడుచుకుంటూ తీసుకున్నాడు.

నన్ను ఆపేసింది దీని తర్వాతి ముక్క. అదే నెలలో ఈఎస్‌పీఎన్ పత్రిక వందమంది ఆటగాళ్లను, పేర్లు బయటపెట్టకుండా, బెస్ట్ అంపైర్ ఎవరని అడిగింది. సగానికి పైగా జాయిస్ పేరే చెప్పారు. అంత పెద్ద తప్పు దేశమంతా చూశాక కూడా!

మనం ఆటగాళ్లంటే తమకు వ్యతిరేకంగా ఇచ్చిన ప్రతి నిర్ణయానికీ గొంతు చించుకునేవాళ్లనుకుంటాం. గొంతు చించుకుంటారు, నిజమే. బాల్స్, స్ట్రైకుల మీద (పిచర్ విసిరిన బంతి బ్యాటర్ ముందున్న హద్దులోంచి వెళ్తే స్ట్రైక్, లేకపోతే బాల్) వాదిస్తే గ్రౌండ్ నుంచి గెంటేస్తారని తెలిసినా మేనేజర్లు, అంటే జట్టు కోచ్‌లు, ఊగిపోతూ వస్తారు. ఆ అరుపుల్ని అంపైర్ చెవిన పెట్టకూడదు. పెడితే తర్వాతి బంతి ఎవరు ఎక్కువ అరిస్తే వాళ్లదవుతుంది. క్రికెట్లో మనమూ చేశాం కదా: 2008 సిడ్నీ టెస్టు తర్వాత మన బోర్డు గొడవ చేస్తే పెర్త్ టెస్టు నుంచి అంపైర్ స్టీవ్ బక్‌నర్‌ని తప్పించారు. సిడ్నీలో ఆయన తప్పులు నాకూ మంట పుట్టించాయి, అయినా ఆ పద్ధతి నాకు నచ్చలేదు.

బేస్‌బాల్‌లో బాల్, స్ట్రైక్ నిర్ణయాల మీద 2026 సీజన్లో వచ్చిన ఛాలెంజ్ పద్ధతి మాత్రం నాకు నచ్చింది. జట్టుకు రెండు ఛాలెంజ్‌లు. బ్యాటర్, పిచర్, బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ తప్ప ఇంకెవరూ అడగకూడదు. తల మీద తట్టుకుంటే కెమెరాలు తేల్చేస్తాయి, అడిగినవాడిదే తప్పని తేలితే ఒక ఛాలెంజ్ పోతుంది. అభిప్రాయానికి ఖరీదు పెట్టేసరికి అందరికీ నోరు కాస్త అదుపులోకి వస్తుంది.

ఆదివారాలు మా టెన్నిస్ బాల్ మ్యాచ్‌లకు నేను అంపైరింగ్ చేస్తుంటాను. పోయిన నెల ఒక రనౌట్ ఇస్తే పదిమంది మీదకొచ్చారు, నాకేం అనిపించలేదు. ఆ గొడవలో నోరెత్తని బౌలర్ ఒకడు, సామాన్లు సర్దుకుంటూ, "అన్నా, రెండో ఓవర్లో ఆ బాల్‌కి వైడ్ ఇచ్చావు, లాస్ట్ ఓవర్లో అదే బాల్‌కి ఇవ్వలేదు" అన్నాడు. నిజానికి వాడు గెలిచిన టీమే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.