ఎండ తగ్గాకే వేపనూనె

పోయిన మే నెలలో పొదలకూరు దగ్గర మా ఊరికి వెళ్ళి, పెరట్లో నిమ్మచెట్టు చూడగానే ప్రాణం ఉసూరుమంది. లేత కొమ్మల సందుల్లో దూది అతికించినట్టు పిండినల్లి పురుగులు. కింది ఆకుల మీద నల్లటి మసి. కాండం పొడవునా చీమలబారు. ఆ కాయలే మనవలు కోసుకుని మజ్జిగలో పిండుకుంటారని అమ్మ రసాయన మందులు కొట్టనివ్వదు. సరే, వేపనూనె ఉందిగా అనుకున్నాను. కొలత చూడకుండా నూనె నీళ్ళలో పోసి, ఉదయం పది గంటల ఎండలో కొట్టేశాను. మూడో రోజుకల్లా చిగుళ్ళు అంచుల వెంట మాడిపోయాయి. పిండినల్లి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

"ఏంది నాయనా, రోహిణి ఎండలో ఆకుకి నూనె పూస్తే వేగిపోదా?" అంది అమ్మ.

అమ్మ మాటే నిజం. ఆకు ఊపిరి తీసుకునే రంధ్రాలను నూనె మూసేస్తుంది. పైన ఎండ మండుతుంటే, వేళ్ళకు తడి లేకపోతే ఇంక తట్టుకోలేదు. పురుగు చచ్చేదీ చాలావరకు ఆ దారినే. దాని ఒంటి మీది గాలి రంధ్రాలు మూసుకుపోవాలి. వేపలో ఉండే అజాడిరాక్టిన్ అదనంగా పురుగుకి తిండి మీద ఇష్టం పోగొడుతుంది, కుబుసం విడవనివ్వదు. అందుకే ఫలితం కనపడటానికి కొన్ని రోజులు పడుతుంది.

పిల్లలకు సెలవులని మనలో చాలామందిమి ఊళ్ళకు వెళ్ళేది సరిగ్గా ఆ మండుటెండల్లోనే. చెట్టు మీద ప్రేమ కొద్దీ "సహజమైనదేగా, ఎంత కొడితే ఏం" అనుకుంటాం. ఆ ఆలోచన తప్పని నేను గట్టిగా చెబుతాను. వేపనూనె కూడా మందే. లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్లు చాలు. ముందు నూనెలో కొంచెం సబ్బునీళ్ళు కలిపి బాగా గిలకొట్టాలి. తర్వాత నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తే పాలలా తెల్లబడుతుంది. పైన నూనె తేలుతోందంటే కలవలేదన్నమాట, కొట్టకండి. గంధకం చల్లిన చెట్టుకైతే కనీసం రెండు, మూడు వారాలు ఆగాలి. రెండూ కలిస్తే ఆకు మాడుతుంది.

వారం ఆగి, ముందురోజు పాదుకు నీళ్ళు పెట్టి, పొద్దువాలాక మళ్ళీ మొదలుపెట్టాను. పిండినల్లికి మైనం పూత ఉంటుంది, నూనెను సరిగా అంటనివ్వదు. అందుకని ముందు పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టి ఆ దూదంతా రాల్చాను. ఒక్కో కొమ్మా వంచి ఆకుల అడుగు తడిసేలా పిచికారీ చేశాను. ఒక కొమ్మ మీద అక్షింతల పురుగులు కనిపించాయి. పేనుబంకనూ పిండినల్లినీ తినేది అవే, నూనె మీద పడితే అవీ చస్తాయి. ఆ కొమ్మ వదిలేశాను. వారానికోసారి చొప్పున ఇంకో రెండుసార్లు కొట్టాల్సి వచ్చింది. చివరిసారి కొట్టింది అమ్మే, నేను అప్పటికి విమానం ఎక్కేశాను.

ఆగస్టులో వీడియో కాల్‌లో అమ్మ ఆ చెట్టు చూపించింది. మాడిన చోట కొత్త చిగురు వచ్చింది. కాండం మీద చీమల్లేవు. వదిలేసిన కొమ్మను వేలితో వంచి, "ఇయ్యి ఇంకా ఉండాయి చూడు" అంది.