సైకిల్ పక్కకి తియ్యండి, సైకిల్ ర్యాలీ వస్తోంది

నేను సైక్లిస్టుని కానని పోయిన ఆదివారం పొద్దున్నే తెలిసింది. ఇరవై రెండేళ్ళుగా తొక్కుతున్నా, ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. చివరికి మా విశాఖ బీచ్ రోడ్డులో ఓ కుర్రాడు చెప్పాడు. మెళ్ళో బ్యాడ్జీ, నోట్లో విజిలు, ఇరవై ఏళ్ళుంటాయేమో.

నెలకోసారి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి చేపలు కొని, పెదవాల్తేరులో మా అక్క వాళ్ళింట్లో ఇచ్చి, అక్కడే టిఫిన్ చేసి రావడం నాకు అలవాటు. ఆ రోజూ అంతే. హ్యాండిల్‌కి ఓ పక్క కేజీన్నర వంజరం ముక్కల సంచి, ఇంకో పక్క మా అక్క కిందటిసారి పచ్చడి పెట్టిచ్చిన స్టీలు డబ్బా, ఖాళీది. కోస్టల్ బ్యాటరీ దాటి ఆర్కే బీచ్ వైపు వస్తున్నా. పొద్దున్నపూట వాకింగ్ వాళ్ళ కోసం ఆ రోడ్డు మీదకి బండ్లు రానివ్వరు కదా, ఊరు మొత్తం మీద నేను వెనక్కి తిరిగి చూసుకోకుండా తొక్కే రోడ్డు అదొక్కటే, అదీ తెల్లారి రెండుమూడు గంటలు. సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గరికొచ్చేసరికి అడ్డంగా తాడు కట్టేసి ఉంది.

"అంకుల్, సైకిల్ పక్కకి తియ్యండి."

"ఎందుకు నాన్నా?"

"సైకిల్ ర్యాలీ వస్తోందంకుల్."

పై మూడు లైన్లూ ఇంకోసారి చదవండి. నేనైతే వారం రోజులుగా చదువుకుంటూనే ఉన్నా. నాదీ సైకిలే కదా అన్నాను. ఆ కుర్రాడు నా సైకిల్ని కిందనుంచి పైదాకా చూశాడు, చేపల సంచి దగ్గర కాస్త ఆగాడు, "రిజిస్ట్రేషన్ చేసుకున్నారా?" అన్నాడు. సైకిల్‌కి రిజిస్ట్రేషన్ ఏంటి బాబూ అంటే సైకిల్‌కి కాదంకుల్ మీకు, ఆన్‌లైన్లో, టీషర్ట్ ఉంటేనే లోపలికి అన్నాడు. పాపం మర్యాదగానే అన్నాడు, ఆ అబ్బాయిని అనడానికేం లేదు. సరే పక్కకి అంటే ఎక్కడికి తియ్యమంటావు అని చూస్తే, ఫుట్‌పాత్ మీద చోటు లేదు. వరసగా కార్లు. ఎవరివి అంటే సైక్లిస్టులవి.

నా మనసు నిండిపోయింది. పోనీలే, ఈ ఊళ్ళో సైక్లిస్టులకి కూడా పార్కింగ్ సమస్య వచ్చే రోజు చూశాను అనుకున్నా.

ఇంక ఎలాగూ కదలనివ్వరు కాబట్టి డివైడర్ పక్కన సైకిల్ స్టాండేసి చూస్తూ కూచున్నా. రెండు టాటా ఏస్‌లొచ్చాయి, వాటినిండా సైకిళ్ళు, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యలేదు. కవర్లు పీకడానికి నలుగురు, గాలి కొట్టడానికి ఇద్దరు. సైకిళ్ళు దింపేసరికి టీషర్టుల అట్టపెట్టెలొచ్చాయి. "సైకిల్ తొక్కు - ఆరోగ్యం దక్కు" అని వెనకాల, ముందువైపు స్పాన్సర్ల పేర్లు, ఎంతమందంటే ఛాతీ చాలక ఇద్దరు చేతుల మీదకి దిగారు. ముఖ్య అతిథి గారు 6 గంటలకి రావాలి, 7 దాటాక వచ్చారు, ఆయన వెనకాల ఇంకో ఆరు కార్లు, వాహనాలు నిషేధించిన రోడ్డు మీద. ఆ ముందు ఓ యాంకరమ్మాయి మైకులో పర్యావరణం పర్యావరణం అంటోంది, ఆ మైకు పలకడానికి పక్కన జనరేటర్ గుడగుడమని పొగ కక్కుతోంది.

అతిథి గారు సైకిల్ ఎక్కారు. అదేంటో, కదల్లేదు. మళ్ళీ తొక్కారు, పెడలు తిరుగుతోంది, చక్రం తిరుగుతోంది, సైకిల్ మాత్రం అక్కడే ఉంది. జనం చప్పట్లు కొడుతున్నారు. ఓ నిమిషం తర్వాత గన్‌మన్ గమనించి చెవిలో చెప్పాడు, స్టాండు తియ్యలేదు సార్ అని. స్టాండు తీశారు. ఇద్దరు క్యారియర్ పట్టుకున్నారు, ఒకాయన హ్యాండిల్ పట్టుకున్నాడు, డ్రోన్ పైకి లేచింది, జెండా ఊపారు, గన్‌మన్ పక్కన పరుగు, ఆ వెనక అంబులెన్స్. గాంధీ గారి దండియాత్ర కూడా ఇంత హడావుడిగా మొదలై ఉండదు. లెక్కపెట్టాను, నాలుగు కరెంటు స్తంభాలు. నాలుగో స్తంభం దగ్గర కారు తలుపు తెరిచి పట్టుకుని ఉన్నారు, ఆయన సైకిల్ మీంచి దిగడం కారులో కూచోడం ఒకటే ఊపులో అయిపోయింది, సర్కస్ వాళ్ళు నేర్చుకోవాలి ఆ పని. సైకిల్ని వదిలేశారు, అది ఇంకో రెండు గజాలు తనంతట తను వెళ్ళి పడింది. ఆ రోజు ర్యాలీలో ఎవరి సాయం లేకుండా నడిచిన సైకిల్ అదే.

ఎనిమిదింటికి అన్నీ మళ్ళీ ఏస్ ఎక్కేశాయి. మా వంజరం మీద ఐసు కరిగిపోయింది. నేను వాసన చూసుకుంటూ లేస్తుంటే ఆ బ్యాడ్జీ అబ్బాయి పరిగెత్తుకొచ్చి, "అంకుల్, ఇది మిగిలిపోయింది తీస్కోండి" అని ఓ టీషర్ట్ చేతిలో పెట్టాడు. డబుల్ ఎక్సెల్. ఆ చొక్కా సంగతి తర్వాత చెప్తా.

ఇంతకీ నేను సైక్లిస్టుని కాకపోతే మరి ఎవర్ని? రోజూ మర్రిపాలెం నుంచి సిరిపురం ఆఫీసుకి తొక్కుతా, 8 కిలోమీటర్లు కాస్త అటూ ఇటూ. తిన్నగా వెళ్ళాలంటే హైవే 16, అంటే కోల్‌కతాని చెన్నైతో కలపడానికి వేసిన రోడ్డు. నాకు ఆ రెండు ఊళ్ళతోనూ పనిలేదు గానీ తాటిచెట్లపాలెం దాకా వెళ్ళాలన్నా వాళ్ళ స్పీడులోనే వెళ్ళాలి. ఫోన్లో మ్యాపుని అడిగితే ఎంచక్కా ఫ్లైఓవర్ ఎక్కమంటుంది. అందుకని ఇన్నేళ్ళలో నేనే ఓ దారి కనిపెట్టుకున్నా. కంచరపాలెం సందుల్లోంచి దూరి, రైల్వే న్యూ కాలనీ పట్టుకుని దొండపర్తి, డైమండ్ పార్కు, అక్కణ్ణుంచి ఆసిల్‌మెట్ట. రైల్వే క్వార్టర్ల వైపు చెట్ల నీడ, బండ్లు తక్కువ, ఆ కాసేపూ స్వర్గం. ఆసిల్‌మెట్టలో సంపత్ వినాయకుడి గుడి ముందు కొత్త కార్ల టైర్ల కింద నిమ్మకాయలు నలుగుతుంటాయి, ఆ కార్లన్నీ రేపట్నుంచి నా వెనకాలే కాబట్టి నేనూ ఓ దణ్ణం పెట్టుకుని ఎత్తు ఎక్కుతా. 1971 యుద్ధంలో పాకిస్తాన్ సబ్‌మెరైన్ బెడద వచ్చినప్పుడు ఇక్కడే 1001 కొబ్బరికాయలు కొట్టించారని చెప్పుకుంటారు. నాకు అన్ని అక్కర్లేదు, సిరిపురం దాకా చేరిస్తే ఒకటి కొడతా.

ఈ దారిలో ఓ కాలవుంది, దాని మీద ఇనప ఊచల జాలీ. ఆ ఊచలు రోడ్డుకి అడ్డంగా ఉంటే సైకిల్ చక్రం టకటకమంటూ దాటిపోద్ది, నిలువుగా ఉంటే సందులోకి దిగిపోద్ది. మావాళ్ళు నిలువుగా వేశారు. మూడేళ్ళ కిందట ఓ వానరోజు నా ముందు చక్రం అందులో దిగింది, నేను హ్యాండిల్ మీంచి ఎగిరి పాలబూత్ ముందు పడ్డా, రిమ్ము ఎనిమిది అంకెలా తిరిగిపోయింది. అర్జీ పెట్టా. వచ్చి చూశారు, కొలతలు తీసుకున్నారు, జాలీకి పచ్చరంగు వేసి వెళ్ళారు. అబద్ధమనుకుంటారేమో, రంగు ఇంకా ఉంది, పోలేదు, మంచి రంగే వాడారు.

ఆఫీసులో ఇంకో కథ. బైకుల పార్కింగులో సైకిల్ పెడితే బైకులకి గీతలు పడతాయట, "జనరేటర్ ఎనకాల పెట్టుకోండి సార్" అంటాడు సెక్యూరిటీ. ఓ రోజు నేను సైకిల్ మీద లోపలికి వెళ్తుంటే "కొరియర్లు వెనక గేటు" అని కూడా అన్నాడు. వదిలేయండి.

కాగితాల మీద మాత్రం సైకిల్‌కి ఏ లోటూ లేదు. 2006లోనే కేంద్రం జాతీయ పట్టణ రవాణా విధానం అని ఒకటి తెచ్చింది, రోడ్డు బండ్ల కోసం కాదు మనుషుల కోసం, సైకిళ్ళకి విడిగా దారులు వెయ్యాలి అని అందులో శుభ్రంగా రాసుంది. 2016 జనవరిలో స్మార్ట్ సిటీల మొదటి జాబితా వస్తే ఆ 20 ఊళ్ళలో మన ఊరుంది. 2018లో ఐక్యరాజ్యసమితి జూన్ 3ని ప్రపంచ సైకిల్ దినోత్సవం చేసింది. సరిగ్గా 2020 జూన్ 3నాడే సాహిబాబాద్‌లో అట్లాస్ వాళ్ళ ఆఖరి ఫ్యాక్టరీ మూతపడింది, నాది అట్లాసే, అందుకని ఆ రోజు నాకు పండగా తద్దినమూ ఒకటే. 2025 సెప్టెంబరులో సైకిళ్ళ మీద జీఎస్టీ 12 నుంచి 5కి దించారు. కొనుక్కోడం చవకైంది, ఎక్కడ తొక్కాలో అడక్కండి. ఎన్నికల గుర్తు జోకు వెయ్యనని మా ఆవిడకి మాటిచ్చాను కాబట్టి వెయ్యట్లేదు, మీరే వేసుకోండి.

ఈ ఊరు నన్ను గౌరవించింది ఒకే ఒక్కసారి. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను. చెట్లన్నీ రోడ్ల మీద, కరెంటు లేదు, పెట్రోలు బంకుల దగ్గర చాంతాడంత క్యూలు. ఆ కొన్నాళ్ళూ చెట్టు కొమ్మల మీంచి సైకిల్ని భుజాన వేసుకుని దాటింది నేను, నీళ్ళ టిన్నులు మోసింది నేను. అప్పుడు ఎదురింటి కారాయన "సైకిల్ ఇస్తారాండీ ఓ గంట" అని గేటు దగ్గర నిలబడ్డాడు. ఇప్పుడు హారన్ కొట్టేది ఆయనే.

నవ్వులాట బానే ఉంది, కానీ ఓసారి పొద్దున్న షిఫ్టు వేళకి కాన్వెంట్ జంక్షన్ నుంచి సింధియా వైపు వెళ్ళండి. వెళ్ళి చూడండి. మల్కాపురం, శ్రీహరిపురం అటు. షిప్‌యార్డ్‌లోకి, డాక్‌యార్డ్‌లోకి, ఇంకా నానా రకాల కాంట్రాక్టు పన్లకి వెళ్ళేవాళ్ళు, పోర్టు లారీల పక్కన రోడ్డంచున మూరెడు మట్టి మీద సైకిళ్ళు తొక్కుకుంటూ. క్యారియర్‌కి ట్యూబు ముక్కతో కట్టిన క్యారేజీ. వాళ్ళకి టీషర్ట్ లేదు, డ్రోన్ లేదు, వాళ్ళు తొక్కేది కొవ్వు కరగడానికి కాదు, కరగడానికి కొవ్వుంటే కదా. ఆటోకి రోజుకి పెట్టే డబ్బులు ఇంట్లో పాలకి వస్తాయని తొక్కుతారు. పొద్దున్న చీకట్లో వెళ్తారు, రాత్రి చీకట్లో వస్తారు.

మా వీధి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, అరవై దాటినాయన, పగలు అటువైపు గోడౌన్లో పని, రాత్రి ఇక్కడ కాపలా. ఓ తెల్లారుజామున ఏదో బండి గుద్ది వెళ్ళిపోయింది. తుంటి ఎముక. మర్నాడు పేపర్లో రెండు లైన్లు, "గుర్తు తెలియని వాహనం ఢీకొని" అని. చూడ్డానికి వెళ్తే ఆయన కొడుకు చెప్పాడు, "సైకిల్‌కి లైటు లేదేటి అని నాన్ననే తిడతన్నారండీ అందరూ." లైటు లేదట! ఆ రోడ్డుకి ఉందా లైటు? వరసగా ఎన్ని స్తంభాలు ఆర్పేసి ఉన్నాయో వెళ్ళి లెక్కపెట్టరేం? గుద్దినవాడు గుర్తు తెలియలేదు సరే, గుద్దించుకున్నవాడు మీకెప్పుడు గుర్తున్నాడు గనక? పద్నాలుగేళ్ళు అదే రోడ్డు మీద అదే టైముకి తొక్కిన మనిషికి ఒక గీత గియ్యలేకపోయారు, నాలుగు స్తంభాల దూరం తొక్కినాయనకి అంబులెన్స్ పెట్టారు. సిగ్గుండాలి. ఆయన సైకిల్ ఇప్పటికీ స్టేషన్ ఆవరణలో తుప్పు పడుతోంది, తెచ్చుకోడానికి వెళ్తే ఏదో కాగితం కావాలన్నారట, సైకిల్‌కి ఆర్‌సీ ఎక్కణ్ణుంచి తెస్తారు వాళ్ళు?

సరే. టీషర్ట్ సంగతి చెప్తానన్నా కదా.

సోమవారం అది వేసుకుని బయల్దేరా. అధికారికంగా సైక్లిస్టుని కాబట్టి సందులు గిందులు మానేసి హైవే మీదకే వెళ్ళా, స్పాన్సర్ల పేర్లు చూసైనా తప్పుకుంటారేమో అని. ఊర్వశి జంక్షన్ దగ్గర ఓ బస్సు వెనకనుంచి కొట్టిన హారన్‌కి ఒక స్పాన్సర్ చెమటకి తడిసి ఊడొచ్చాడు. ఓ స్కూలు ఆటో రాంగ్ రూట్లో నాకెదురొచ్చి, పక్కకి పో అన్నట్టు చెయ్యి ఊపింది. ఒక కారు పక్కకొచ్చి అద్దం దించితే, అమ్మయ్య గుర్తుపట్టాడు అనుకున్నా, "నిన్న ర్యాలీలో మీరూ ఉన్నారాండీ, నేనూ వచ్చా, సూపర్ కదా" అని, నన్ను డివైడర్‌కి నొక్కేసి ఎడమపక్కకి తిరిగిపోయాడు.

గుద్దుకోలేదు గానీ చైన్ పడిపోయింది. కంచరపాలెంలో నాకు తెలిసిన సైకిల్ షాపాయన దగ్గరికి నడిపించుకుంటూ తీసుకెళ్ళా, ఒకప్పుడు ఆ రోడ్డులో అలాంటివి ఐదారుండేవి, ఇప్పుడు ఈయనొక్కడే, అదీ సగం షాపు బైకు సీట్ కవర్లకి ఇచ్చేశాడు. చైన్ ఎక్కించాడు, ఫ్రీవీల్లో నూనె చుక్కలు వేశాడు, చెయ్యి తుడుచుకోడానికి గుడ్డ కోసం వెతుకుతుంటే టీషర్ట్ విప్పి ఇచ్చేశా, లోపల బనీనుంది లెండి. వేళ్ళూ మడ్‌గార్డూ తుడిచి, ఊచలు తుడిచి, గుడ్డని వెలుగులో పెట్టి చూశాడు.

"గుడ్డ బావుందండీ, నూనె బాగా లాగేస్తంది. మళ్ళీ ఎప్పుడిస్తారేటి ఇయి?"

"జూన్ 3న ఇంకోటి ఉంటుందిలే" అన్నా.

"అయితే ఓ నాలుగు తెండి."